బస్సులు ఆగిన 52 రోజులు

మహబూబ్‌నగర్ బస్టాండుకు పొద్దున్నే ఎంతమంది వస్తారో! కూరగాయల గంపలు, బడి పిల్లలు, దవాఖానకు పోయే ముసలమ్మలు. అందరినీ మోసేది బస్సే.

2019 అక్టోబర్ 5. దసరా ఇంక మూడు రోజులే ఉంది. ఆ రోజు చాలా బస్సులు డిపోల నుండి బయటికి రాలేదు. వనపర్తి, గద్వాల, నారాయణపేట, నాగర్‌కర్నూల్, ఎక్కడ చూసినా ఒకటే మాట. ఆర్టీసీ సమ్మె!

సమ్మె అంటే ఏమిటి? పనిచేసేవాళ్లు అందరూ ఒక్క మాట మీద నిలబడి పని ఆపడం. ఒక్క మనిషి పని మానితే ఏమవుతుంది? ఆమె జీతం కోస్తారు. ఇంకొకరిని పెట్టుకుంటారు. అందరూ కలిసి మానితే యజమాని పిలిచి మాట్లాడవలసి వస్తుంది. అయితే సమ్మె తేలిక పని కాదు. ఆ రోజులకు జీతం రాదు. పిల్లల ఆకలి మాత్రం ఆగదు. అందుకే సరదాకు ఎవరూ సమ్మె చేయరు.

సమ్మెకు పద్ధతి ఉంది. అప్పుడు అమలులో ఉన్న 1947 నాటి చట్టం ప్రకారం ప్రజలకు నిత్యం అవసరమైన పనుల్లో ఉన్నవాళ్లు ముందుగా నోటీసు ఇవ్వాల్సి ఉండేది. నోటీసు ఇచ్చాక 14 రోజులు ఆగాల్సి ఉండేది. లేబర్ అధికారి ముందు రాజీ మాటలు నడుస్తుంటే సమ్మె చేయకూడదని ఉండేది. ఆర్టీసీ సంఘాలు సెప్టెంబర్ నెలలోనే నోటీసు ఇచ్చాయి. ఆర్టీసీని ప్రభుత్వంలో కలపాలన్నది వాళ్ల మొదటి కోరిక. రాజీ మాటలు ముగియక ముందే పని ఆపారు కాబట్టి సమ్మె చెల్లదని యాజమాన్యం అన్నది.

సమ్మెలో సుమారు 48 వేల మంది ఉన్నారు. వాళ్లలో ఆడ కండక్టర్లు కూడా ఉన్నారు. సాయంత్రం 6 గంటల లోపు పనిలోకి రావాలని ప్రభుత్వం గడువు పెట్టింది. రానివాళ్లు తమ ఉద్యోగం తామే పోగొట్టుకున్నట్లు అని ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు ప్రకటించారు. కూలి మీద తాత్కాలిక డ్రైవర్లను, కండక్టర్లను పెట్టి కొన్ని బస్సులు నడిపారు. కార్మికులకు సెప్టెంబర్‌లో చేసిన పనికి కూడా జీతం రాలేదు. మనోవేదనతో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. కేసు హైకోర్టుకు పోయింది.

52 రోజుల తర్వాత, నవంబర్ 25న, సంఘాలు సమ్మె విరమించాయి. మరునాడు డిపోలకు పోతే లోపలికి రానివ్వలేదు. నవంబర్ 28న ముఖ్యమంత్రి రమ్మన్నారు. 29న పనిలో చేరారు.

డిసెంబర్ 1న ముఖ్యమంత్రి కార్మికులను పిలిచి భోజనం పెట్టారు. సమ్మె రోజులకు కూడా జీతం ఇస్తామన్నారు. రిటైర్మెంటు వయసు 58 నుండి 60 ఏండ్లకు పెంచుతామన్నారు. ఆడవాళ్ల డ్యూటీ రాత్రి 8 గంటల లోపు ముగించాలన్నారు. ఇవన్నీ మంచివే. కాని ఇంకొక మాట కూడా ఉంది. రెండేండ్ల దాకా యూనియన్ ఎన్నికలు ఉండవు. యూనియన్ జాగాలో సంక్షేమ మండలి ఉంటుంది.

రెండింటికీ తేడా ఏమిటి? యూనియన్ నాయకులను కార్మికులే ఎన్నుకుంటారు. నచ్చకపోతే దించుతారు. యూనియన్ సమ్మె నోటీసు ఇవ్వగలదు. మండలి అట్లా కాదు. దానిని పెట్టేది యాజమాన్యం. అందులో కూర్చున్నామె "సారూ, బస్టాండులో మరుగుదొడ్డి లేదు" అని చెప్పవచ్చు. కట్టించకపోతే? మళ్లీ చెప్పవచ్చు. అంతకు మించి ఏమీ చేయలేదు. డిసెంబర్ 1న ఇచ్చినవి దయతో ఇచ్చినట్లే కనిపిస్తాయి. 52 రోజుల సమ్మె లేకుంటే ఆ భోజనం పిలుపు వచ్చేదా?

యూనియన్ లేకపోతే ఎట్లా ఉంటుందో పాలమూరుకు వేరే చెప్పాలా? పాలమూరు కూలీలు దేశమంతా పోయి ప్రాజెక్టులు కట్టారు, కాలువలు తవ్వారు. మేస్త్రి ముందే అడ్వాన్సు ఇస్తాడు. అప్పు తీరేదాకా ఆయన చెప్పిందే లెక్క. ఊరు కాని ఊరు. భాష రాదు. పని ఆపితే తిరిగి రావడానికి చార్జీలు కూడా ఉండవు. అక్కడ సమ్మె మాట ఎవరు ఎత్తుతారు?

సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది. సమ్మె హక్కు మాత్రం అట్లా లేదు. అది చట్టం షరతులతో ఇచ్చిన హక్కు. షరతులు మారుతుంటాయి. 2020లో చేసిన కొత్త కార్మిక చట్టం 2025 నవంబర్ 21 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఫ్యాక్టరీలు, ఇతర పరిశ్రమలు అన్నిటిలోనూ 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగం మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఒకే రోజు సెలవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది. షరతులు తప్పితే జరిమానా ఉంది, జైలు కూడా ఉంది.

ఆర్టీసీ కార్మికుల మొదటి కోరిక ఏమయింది? వాళ్లను ప్రభుత్వ ఉద్యోగులుగా తీసుకునే బిల్లును 2023 ఆగస్టు 6న శాసనసభ ఆమోదించింది. ఇందులో ఒక చిక్కు ఉంది. ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె చేసే హక్కు లేదని సుప్రీంకోర్టు 2003లో తమిళనాడు ఉద్యోగుల కేసులో చెప్పింది.