పిల్లల కిడ్నీలో క్యాన్సర్ గడ్డ: తల్లిని నిందించకండి

హాలియా: చిన్న పిల్లాడి కిడ్నీలో క్యాన్సర్ గడ్డ ఉందని తెలియగానే చాలా ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న "ఇది ఎవరి వైపు నుంచి వచ్చింది?" అని. కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏదో తిన్నదని, నజర్ తగిలిందని, ఖాలా కొడుకుని చేసుకున్నందుకేనని మాటలు మొదలవుతాయి. తిండి, నజర్ దీనికి కారణాలు కావు. దగ్గరి చుట్టాల పెళ్లికి కూడా చాలా అరుదైన కేసుల్లో తప్ప సంబంధం ఉండదు.

దీన్ని విల్మ్స్ ట్యూమర్ అంటారు. సుమారు 10 వేల మంది పిల్లల్లో ఒకరికి, ఎక్కువగా 5 ఏళ్ల లోపు వస్తుంది.

బిడ్డ కడుపులో ఉండగా కిడ్నీ కణాలు వేగంగా పెరుగుతాయి. ఆ తర్వాత పెరుగుదల ఆగాలి. ఆ పని చూసే జన్యువుల్లో ఒకటి డబ్ల్యూటీ1. ఇది 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఈ జన్యువును 1990లో కనిపెట్టారు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు కాపీలు వస్తాయి. బండికి రెండు బ్రేకులు ఉన్నట్టే. ఒకటి ఫెయిలైనా రెండోది ఆపుతుంది. రెండూ పోతే కణాలు ఆగకుండా పెరిగి గడ్డ కడతాయి. ఇలా దెబ్బతినే జన్యువులు ఇంకా కొన్ని ఉన్నాయి.

ఎక్కువ మంది పిల్లల్లో ఈ మార్పు వాళ్ల కిడ్నీ కణాల్లోనే కొత్తగా జరుగుతుంది. అమ్మానాన్నల నుంచి వచ్చింది కాదు. కుటుంబంలో మరొకరికి కూడా ఉండటం నూటికి ఒకటి, రెండు కేసుల్లోనే.

అయితే రెండు కిడ్నీల్లో గడ్డలు ఉన్నా, కంటిలో నల్లగుడ్డు చుట్టూ ఉండే రంగు భాగం పుట్టుకతోనే లేకున్నా, ఒక చెయ్యి లేదా కాలు రెండోదానికంటే పెద్దగా ఉన్నా జన్యు పరీక్ష గురించి డాక్టర్‌ను అడగాలి. హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది.

స్నానం చేయించేటప్పుడు పొట్టలో ఒక పక్క గట్టిగా తగిలినా, మూత్రంలో రక్తం కనిపించినా వెంటనే స్కానింగ్ చేయించాలి. నొప్పి లేదని ఊరుకోవద్దు. గడ్డను నొక్కడం, నూనెతో మర్దన చేయడం అసలే వద్దు, లోపల పగిలే ప్రమాదం ఉంది.

ఆపరేషన్, కీమోథెరపీతో ఎక్కువ మంది పిల్లలు బాగవుతారు. మిగిలిన ఒక్క కిడ్నీతో మామూలుగా బతకొచ్చు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. క్యాన్సర్ చికిత్సకు ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. దువా చేయండి, దవా మాత్రం ఆలస్యం చేయకండి.