మడమలో ఇమిడే రైఫిల్

1965 మార్చి 19న సోవియట్ అంతరిక్ష నౌక వొస్ఖోద్-2 భూమికి తిరిగివచ్చింది. అందులో ఉన్నవారు ఇద్దరు: పావెల్ బెల్యాయెవ్, అలెక్సీ లియోనోవ్. అంతకు ముందురోజే లియోనోవ్ నౌక బయటకు వచ్చి, శూన్యంలో తేలిన తొలి మానవుడిగా పేరు తెచ్చుకున్నాడు. తిరుగు ప్రయాణంలో నౌకను దానంతటది దింపే యంత్రాంగం పనిచేయలేదు. బెల్యాయెవ్ చేతితో నడిపి దించాడు. నౌక అనుకున్న చోటికి 386 కిలోమీటర్ల దూరంలో, ఉరల్ పర్వతాల దగ్గర మంచు కప్పిన దట్టమైన అడవిలో పడింది. అది తోడేళ్ళు, ఎలుగులు తిరిగే ప్రాంతం. హెలికాప్టరు దిగడానికి జాగా లేదు. ఇద్దరూ రెండు రాత్రులు ఆ చలిలో గడిపి, మూడోనాడు కాళ్ళకు స్కీ పలకలు కట్టుకొని అడవి దాటి వచ్చారు. వారి దగ్గరున్న ఆయుధం ఒక్క పిస్తోలు మాత్రమే.

ఇలా దారితప్పి అడవిలో పడే ప్రమాదం విమాన చోదకులకు ఇంకా ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, ఉత్తర ధ్రువ ప్రాంతాల మీదుగా ఎగిరే అమెరికన్ వైమానికులకు ఇది నిత్యం ఎదురయ్యే సమస్య అయింది. విమానం చెడితే పారాచూట్‌తో దూకుతారు, బాగానే ఉంది. దిగిన తర్వాత వెతికేవారు వచ్చేదాకా తినడానికేమిటి? ఒక చెవులపిల్లినో, అడవి కోడినో కొట్టుకోవడానికి తుపాకి కావాలి. ఆ తుపాకి చోదకుడు కూర్చునే ఆసనం కింది పెట్టెలోనో, పారాచూట్‌కు కట్టిన సంచిలోనో ఇమడాలి. అక్కడ జాగా మీ పుస్తకాల సంచి కంటే పెద్దదేమీ కాదు. మీలో ఎన్.సి.సి.లో చేరినవారు .22 రైఫిల్ పట్టుకునే ఉంటారు. అది మీటరుకు పైగా పొడవుంటుంది. దాన్ని పుస్తకాల సంచిలో దూర్చి చూడండి, సమస్య ఏమిటో తెలుస్తుంది.

అందుకే విడదీసే రైఫిల్ పుట్టింది. గొట్టం వేరు, యంత్రభాగం వేరు, భుజానికి ఆనించుకొనే మడమ వేరు. కావలసినప్పుడు బిగించుకోవాలి.

అయితే దానికి ఏ తూటా ఎంచుకోవాలి? అసలు చిక్కు ఇక్కడే ఉంది. తుపాకిని ఒకసారే మోస్తాం గాని, తూటాల బరువు ఒక్కొక్కటిగా పెరుగుతూ పోతుంది. మన పోలీసుల చేతుల్లో ఎన్నో ఏళ్ళు కనిపించిన .303 రైఫిల్ తూటా ఒక్కొక్కటి సుమారు 25 గ్రాములు తూగుతుంది. అవి నూరు కావాలంటే రెండున్నర కిలోలు. అదే .22 లాంగ్ రైఫిల్ అనే చిన్న తూటా అయితే ఒకటి మూడున్నర గ్రాములకు మించదు, నూరు కలిపినా 350 గ్రాములు దాటవు. ఇక్కడ .22 అంటే గొట్టం రంధ్రం వ్యాసం అంగుళంలో నూటికి 22 వంతులు, అంటే సుమారు 5.6 మిల్లీమీటర్లు. ఈ తూటా 1887 నుంచి వాడుకలో ఉంది.

పెద్ద తూటాకు ఇంకొక అడ్డంకి కూడా ఉంది. ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రం మీరు చదువుకున్నదే. గుండు ముందుకు పోతే తుపాకి వెనక్కు తన్నాలి. .303 గుండు బరువు సుమారు 11.3 గ్రాములు, వేగం సెకనుకు 744 మీటర్లు. ఈ రెంటినీ గుణించండి. కిలోగ్రాముల్లో తీసుకుంటే 8.4 వస్తుంది. నాలుగు కిలోల సైనిక రైఫిల్ అయితే సెకనుకు రెండు మీటర్ల వేగంతో వెనక్కు వస్తుంది, భుజం ఓర్చుకుంటుంది. అదే గుండును 1.13 కిలోల తేలిక రైఫిల్ నుంచి పేలిస్తే? తుపాకి సెకనుకు ఏడు మీటర్లకు పైగా వేగంతో భుజాన్ని గుద్దుతుంది. మందు మండి వెలువడే వాయువుల ద్రవ్యవేగాన్ని నేనిక్కడ లెక్కలోకి తీసుకోలేదు. అది కూడా కలిపితే ఇంకా ఎక్కువే. .22 లాంగ్ రైఫిల్ గుండు 2.6 గ్రాములు, వేగం సుమారు 335 మీటర్లు. దీనితో అదే తేలిక రైఫిల్ వెనక్కు వచ్చే వేగం సెకనుకు 0.77 మీటరు మాత్రమే. చిన్న నెట్టు నెట్టినట్లుంటుంది, అంతే.

కాబట్టి తేలిక తుపాకికి తేలిక తూటాయే జత. కాని .22 వ్యాసంలోనే ఒకటికి మించి రకాల తూటాలున్నాయి. వాటిలో ఇంకొకదాని పేరు .22 హార్నెట్. హార్నెట్ అంటే కందిరీగ. దాని గుండు బరువు 2.9 గ్రాములు, మొదటిదాని కంటే పదో వంతు ఎక్కువ. వేగం మాత్రం పొడవాటి గొట్టంలో సెకనుకు సుమారు 800 మీటర్లు. గతిజశక్తి కట్టి చూడండి. ద్రవ్యరాశిని వేగపు వర్గంతో గుణించి, రెండుతో భాగించాలి. మొదటిదానికి 146 జౌళ్ళు, హార్నెట్‌కు 928 జౌళ్ళు! గుండు బరువు పెరిగింది కొంచెమే, శక్తి మాత్రం ఆరు రెట్లకు పైగా పెరిగింది. లెక్కలో వేగానికే వర్గం ఉంది మరి. పొట్టి గొట్టంలో హార్నెట్ వేగం కొంత తగ్గే మాట నిజమే. ఎందుకంటే మండిన మందు వాయువులు గుండును నెట్టడానికి దూరం చాలదు. అయినా జింకలాంటి జంతువు ఎదురైతే దీన్నే నమ్ముకోవాలి. ఇక దగ్గర నుంచి చిన్న పిట్టను హార్నెట్‌తో కొడితే ఈకలు తప్ప తినడానికి మిగిలేది తక్కువ.

అమెరికా వైమానిక దళం మొదట హార్నెట్‌నే ఎంచుకుంది. 1949లో వచ్చిన ఎం-4 రైఫిల్ గొట్టం పొడవు 14 అంగుళాలు, అంటే సుమారు 36 సెంటీమీటర్లు. మడమ స్థానంలో లోపలికి జరిగే లావుపాటి ఇనుప తీగ ఉండేది. తర్వాత వచ్చిన ఎం-6 విడిపోదు, మధ్యకు మడతపడుతుంది. దానికి ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాలు. పైదానిలో హార్నెట్ తూటా, కిందిదానిలో ఎగిరే పిట్టలను కొట్టడానికి చిన్న రవ్వలు నింపిన .410 తూటా. మడమలోనే తొమ్మిది హార్నెట్ తూటాలు, నాలుగు రవ్వ తూటాలు దాచుకొనే గూళ్ళుండేవి. మామూలు ట్రిగ్గర్‌కు బదులు వెడల్పాటి మీట అమర్చారు. చలికి చేతులు కొంకర్లు పోయినా, దళసరి ఊలు తొడుగులు తీయకుండానే పిండి పేల్చవచ్చు. ఈ చిన్న మార్పు చేసినవారికి మంచులో వేళ్ళ సంగతి బాగా తెలిసినట్టే ఉంది.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. వేట తూటాల గుండుకు ముక్కు మెత్తగా ఉంటుంది. తగలగానే వెడల్పయి జంతువును త్వరగా చంపుతుంది. అలాంటి గుళ్ళను యుద్ధంలో మనుషుల మీద వాడరాదని 1899లో హేగ్ నగరంలో దేశాలు ప్రకటించాయి. అందుచేత వైమానికులకిచ్చిన ఈ తూటాల పెట్టెల మీద, శత్రు సైనికుల మీద వీటిని వాడకూడదనే హెచ్చరిక ముద్రించారు. ఆ నిషేధానికి కారణమైన గుళ్ళకు పేరు మన దేశం నుంచే వచ్చింది. కలకత్తా దగ్గరి దమ్‌దమ్ ఆయుధ కర్మాగారంలో తయారైనందున వాటిని దమ్‌దమ్ గుళ్ళన్నారు.

1950లలో ఆర్మలైట్ అనే కంపెనీ ఈ సమస్యను చేపట్టింది. విమానాల తయారీలో వాడే అల్యూమినియాన్నీ, ప్లాస్టిక్కులనూ తుపాకులలో వాడితే ఎలా ఉంటుందన్నదే ఆ కంపెనీ ఆలోచన. అక్కడ పనిచేసిన యూజీన్ స్టోనర్ పేరు తర్వాత అమెరికన్ సైన్యపు ఎం-16 రైఫిల్ వల్ల లోకమంతటా తెలిసింది. ఆ కంపెనీ తయారుచేసిన ఏ.ఆర్.-5 హార్నెట్ రైఫిల్‌ను వైమానిక దళం మెచ్చి, పేరు కూడా పెట్టింది గాని, పాత ఎం-4, ఎం-6లు గిడ్డంగులలో దండిగా ఉండడంతో పెద్ద ఎత్తున కొనలేదు. అప్పుడు కంపెనీ 1959లో ప్రజలకు అమ్మేందుకు ఏ.ఆర్.-7ను తెచ్చింది. ఇది .22 లాంగ్ రైఫిల్ తూటాను పేల్చుతుంది, బరువు సుమారు 1.13 కిలోలు. గొట్టాన్నీ, యంత్రభాగాన్నీ, తూటాల అరనూ ఊడదీసి ప్లాస్టిక్ మడమలో పెట్టి మూత వేయవచ్చు. మొత్తం 42 సెంటీమీటర్ల పొట్లం. పైగా నీళ్ళలో వేస్తే తేలుతుంది!

ఇనుప సామాను నిండిన పొట్లం తేలడమేమిటని ఆశ్చర్యపోకండి. ఆర్కిమిడీస్‌ను తలచుకోండి. 1.13 కిలోల వస్తువు తేలాలంటే దాని మొత్తం ఘనపరిమాణం 1.13 లీటర్ల కంటే ఎక్కువ ఉండాలి. మడమ బోలుగా, వెడల్పుగా ఉంది కనుక అది సాధ్యమైంది. గొట్టం కూడా సాయపడింది. ఉక్కు సాంద్రత 7.8 అయితే అల్యూమినియం సాంద్రత 2.7. గొట్టాన్ని అల్యూమినియంతో చేసి, లోపల మాత్రం పలుచని ఉక్కు గొట్టం దూర్చారు. గుండును బొంగరంలా తిప్పే మెలికల గాడులు మెత్తని అల్యూమినియంలో అయితే త్వరగా అరిగిపోతాయి.

ఇక విడదీసే రైఫిల్‌కు బలహీనత ఎక్కడ? అతుకు దగ్గర. ఏ.ఆర్.-7లో గురిచూసే ముందు ముల్లు గొట్టం చివర ఉంటుంది, వెనుక గుర్తు యంత్రభాగం మీద ఉంటుంది. అంటే రెండు గుర్తులు రెండు ముక్కల మీద ఉన్నాయి. గొట్టం 40 సెంటీమీటర్లు. బిగింపు వదులై గొట్టం కొన అర మిల్లీమీటరు పక్కకు ఒరిగిందనుకోండి. సరూప త్రిభుజాల లెక్క వేయండి. 40 మీటర్ల దూరం గొట్టానికి నూరు రెట్లు, కాబట్టి గొట్టం చూపే దిశ అక్కడ ఐదు సెంటీమీటర్లు తప్పుతుంది. ముందు ముల్లు గొట్టంతో పాటు కదలడం వల్ల గురి కొంత సర్దుకుంటుంది గాని, వెనుక గుర్తు కదలదు కనుక పూర్తిగా సరిపోదు. చెవులపిల్లి తల వెడల్పు ఐదు సెంటీమీటర్లుంటే గొప్ప! అందుకే గొట్టం ప్రతిసారీ అదే కోణంలో కూర్చునేలా చిన్న పంటి గాడి పెట్టి, పైన మరచుట్టు బిగిస్తారు. రెండు గుర్తులూ గొట్టం మీదే ఉన్న రైఫిల్ అయితే ఈ బెడద తగ్గుతుంది. నన్నడిగితే, ఎంచుకొనేవాడు బరువు తర్వాత చూడవలసింది ఈ అతుకునే.

మరో సంగతి. ఏ.ఆర్.-7 ఒక తూటా పేలగానే ఆ ఊపుతోనే రెండోదాన్ని తనంతట తాను ఎక్కించుకుంటుంది. వినడానికి బాగుంది. కాని తూటా బలహీనమైనదైతే ఆ ఊపు చాలదు, తూటా మధ్యలో ఇరుక్కుంటుంది. ఎం-4లాగా చేత్తో గడియ లాగి తూటా ఎక్కించేదానికి తూటా బలంతో పనిలేదు. మంచులో, మురికిలో, నూనె గడ్డకట్టే చలిలో నేనైతే చేతి గడియనే కోరుకుంటాను.

సరే, తుపాకి దొరికింది, గురి కుదిరింది, చెవులపిల్లి పడింది. ఆకలి తీరినట్టేనా? ఒకటిన్నర కిలోల చెవులపిల్లిలో సగం మాంసమనుకుందాం, 750 గ్రాములు. నూరు గ్రాములకు సుమారు 115 కేలరీల చొప్పున 860 కేలరీలు. గడ్డకట్టే చలిలో నడుస్తూ, కట్టెలు కొడుతూ ఉన్న మనిషికి రోజుకు మూడున్నర వేల కేలరీలైనా కావాలి. అంటే రోజుకు నాలుగు చెవులపిల్లులు! అవి దొరికినా చిక్కు తీరదు. ఆ మాంసంలో ఉన్నదంతా మాంసకృత్తులే, క్రొవ్వు దాదాపు లేదు. మాంసకృత్తులను విడగొట్టగా మిగిలే నత్రజనిని కాలేయం యూరియాగా మార్చి బయటకు పంపాలి. ఆ పనికి రోజుకింత అని హద్దు ఉంది. క్రొవ్వుగాని, పిండిపదార్థంగాని లేకుండా ఎండు మాంసమే తింటూ పోతే కొద్ది రోజుల్లో విరేచనాలు, తలనొప్పి, తీరని ఆకలి పట్టుకుంటాయి. కడుపునిండా తింటూనే మనిషి క్షీణిస్తాడు. ఉత్తర ధ్రువ ప్రాంతాల్లో ఏళ్ళ తరబడి తిరిగిన అన్వేషకుడు విల్యాల్మర్ స్టెఫాన్సన్ దీన్ని వివరంగా రాశాడు. దీనికి ‘కుందేటి కరువు’ అని పేరు. అందుకే అక్కడి వేటగాళ్ళు మెదడు, మూలుగ, పేగుల చుట్టూ ఉండే క్రొవ్వు ఏదీ పారవేయరు.

అసలు ఆకలితో మనిషి వారాలు బతుకుతాడు, నీళ్ళు లేకుండా కొద్ది రోజులే. మంచులో తడిసిన బట్టలతో అయితే కొన్ని గంటలే. కాబట్టి పెట్టెలో మొదటి చోటు అగ్గిపెట్టెకు, గుడారపు గుడ్డకు, సంకేతమిచ్చే అద్దానికి దక్కాలి. మిగిలిన చోటులోనే తుపాకి. అలాస్కా రాష్ట్రంలో విమానాల్లో తీసుకెళ్ళవలసిన వస్తువుల జాబితాలో ఒకప్పుడు తుపాకి తప్పనిసరి. తర్వాత చట్టం మార్చి దాన్ని తీసివేశారు. గొడ్డలి, గాలాలు, కత్తి, నిప్పు రాజేసే సాధనం, చివరకు తలకు కట్టుకొనే దోమతెర కూడా జాబితాలో ఉండిపోయాయి.

మన దేశంలోనైతే ఇటువంటి రైఫిల్ కొనాలంటే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి కుందేలును వేటాడడం నేరం కూడా.

లియోనోవ్ మాత్రం ఆ రెండు రాత్రులను మరచిపోలేదు. వ్యోమగాములకు సరైన ఆయుధం ఉండాలని పట్టుబట్టాడు. 1986 నుంచి సోవియట్ వ్యోమగాములకు టి.పి.-82 అనే మూడు గొట్టాల పిస్తోలు ఇచ్చారు. రెండు గొట్టాలు రవ్వ తూటాలకు, ఒకటి గుండుకు. దాని మడమ ఒర తీస్తే కట్టెలు నరికే కత్తి అవుతుంది! సుమారు ఇరవై ఏళ్ళ తర్వాత దాన్ని పక్కన పెట్టారు. దానికోసం ప్రత్యేకంగా చేసిన తూటాలకు కాలం చెల్లిపోయింది.

ఈలోగా 1982లో తప్పిపోయినవారి సంకేతాన్ని ఆకాశం నుంచి వినే కాస్పాస్-సార్సాట్ ఉపగ్రహాలు వచ్చాయి. ఆ సెప్టెంబరులోనే కెనడాలో కూలిన చిన్న విమానంలోని ముగ్గురిని అవి కాపాడాయి. ఆ సంకేతాలను అందుకొనే కేంద్రం మన బెంగుళూరులోనూ ఉంది. అరచేతిలో పట్టే ఆ సంకేత యంత్రం, ఎం-4 రైఫిల్ బరువులో మూడో వంతు కూడా తూగదు.