చెట్టు ఒకటే, రుచులు మూడు

మద్నూర్: సీమదేశాల్లో హాప్స్ అనే ఒకే రకం పూవు వేసి వేర్వేరు చోట్ల కాచిన బీర్లను వరుసగా పెట్టి రుచి చూస్తారట. మన కల్లుకు పూవు అక్కర లేదు. ఒకే ఈతచెట్టు కల్లు పొద్దున దించగానే తీపి, ఎండెక్కితే పొంగి ఘాటు, మర్నాటికి పులుపు. లొట్టిలో కంటికి కనబడని ఈస్టు చక్కెరను మత్తుగా, బ్యాక్టీరియా పులుపుగా మార్చడమే కారణం. లొట్టికి సున్నం పూస్తే పులియదు, అదే నీరా. తాటికల్లులోనైతే పోతుతాడు రుచి వేరు, పండుతాడు రుచి వేరు అంటారు గీతవారు.

ఈ తేడా ఎరిగిన నాలుకలు తగ్గుతున్నాయి. ఏ వేళకైనా ఒకే తీపి ఉన్న సీసాను అనుమానించవలసిందే. శాక్రిన్ తీపి వెనుక చేదు తగులుతుంది. అందులో కలిపే అల్ప్రాజోలం మాత్రం నాలుకకు దొరకదు. 2025 ఏప్రిల్‌లో నస్రుల్లాబాద్ మండలంలో కల్తీ కల్లు తాగి పలువురు ఆసుపత్రి పాలయ్యారు.

అలవాటు పడినవారు ఒక్కసారిగా మానినా ముప్పే. చేతుల వణుకు, నిద్రలేమి, ఫిట్స్, పిచ్చిమాటలు కనబడితే భూతవైద్యుని వద్దకు కాక వెంటనే సర్కారు దవాఖానాకు తీసుకుపోవాలి. తాగిన సంగతి డాక్టరుకు దాచరాదు.