ఎండల్లో టైరుకు గాలి తగ్గించవద్దు

కెనడాలోని మాంట్రియల్‌లో కాపురముండే తెలుగువాళ్లు డిసెంబరు రాకముందే కారు టైర్లు మార్పించుకోవాలి. డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు చలికాలపు టైర్లు లేకుండా కారు రోడ్డెక్కితే అక్కడి క్యూబెక్ రాష్ట్ర చట్టం ఒప్పుకోదు. దీనికి మూలం రబ్బరు స్వభావంలోనే ఉంది. వాతావరణం 7 డిగ్రీల కిందికి దిగేసరికి మామూలు టైరు రబ్బరు బిరుసెక్కి రోడ్డు మీద పట్టు కోల్పోతుంది. చలికాలపు టైరును అంతకన్నా చలిలోనూ మెత్తగా ఉండే మిశ్రమంతో చేస్తారు. అదే టైరును తెచ్చి మన దగ్గర గుడిబండలో కారుకు బిగిస్తే ఆ మెత్తదనమే చేటు చేస్తుంది. కాలే తారు మీద రబ్బరు మెలికలు తిరిగి త్వరగా అరిగిపోతుంది, బ్రేకు వేస్తే బండి ఆగే దూరం పెరుగుతుంది. మనకు చలితో పేచీ లేదు, ఉన్నదల్లా ఎండతోనే. అలాగని ఎండలకంటూ వేరే టైరు వెతుక్కోనక్కర్లేదు. కంపెనీ చెప్పిన కొలత టైరు చాలు. ఏప్రిల్, మే నెలల్లో మడకశిర మీదుగా వచ్చి పెనుకొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి హైదరాబాదు దాకా పోయే కారుకు అసలు ప్రమాదం టైర్లలోని గాలి తక్కువ కావడం వల్ల వస్తుంది.

మన దగ్గర చాలామంది నమ్మకం సరిగ్గా దీనికి తలకిందులు. ఎండకు గాలి వ్యాకోచిస్తుంది, టైరు పేలుతుంది, కాబట్టి ఓ నాలుగైదు పాయింట్లు తగ్గించి కొట్టించుకోవాలి అంటారు. ఇందులో మొదటి మాట నిజమే. అయితే ఎంత వ్యాకోచిస్తుందో లెక్క వేసి చూద్దాం. పొద్దున 30 డిగ్రీల దగ్గర 33 పాయింట్లు గాలి పట్టిన టైరు, మధ్యాహ్నం రహదారి మీద 60 డిగ్రీలకు వేడెక్కిందనుకుందాం. వాయు నియమాల ప్రకారం ఆ 33 దాదాపు 38 అవుతుంది, అంతే. కార్ల టైర్ల పక్కగోడ మీద ముద్రించే గరిష్ఠ పరిమితి సాధారణంగా 44 గానీ 51 గానీ ఉంటుంది. మంచి టైరు పగలాలంటే ఆ పరిమితిని కూడా చాలా దూరం దాటాలి. పైగా కారు కంపెనీ ఆ 33 అనే అంకెను ఇచ్చేటప్పుడే ఈ పెరుగుదలను లెక్కలోకి తీసుకుంటుంది. దారిలో ఆగి, వేడిగా ఉన్న టైరులో 38 చూసి భయపడి 33కు దించినవారి సంగతి చూడండి. చల్లారాక అందులో మిగిలేది 29కి కాస్త తక్కువ. మర్నాడు ఆ తక్కువ గాలితోనే బండి మళ్లీ రోడ్డెక్కుతుంది.

తక్కువ గాలి ఎందుకు చేటంటే, బండి బరువును మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. పక్కగోడ మీద 88 హెచ్ అని ఉంటే ఆ టైరు 560 కిలోలు మోస్తుందని, గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని అర్థం. సరిపడా గాలి ఉన్నప్పుడే ఆ మాట చెల్లుతుంది. గాలి తగ్గితే చక్రం తిరిగే ప్రతిసారీ నేలను తాకే చోట పక్కగోడ మరింత లోతుగా వంగి లేస్తుంది. ఇనుప తీగను అటూ ఇటూ గబగబా వంచితే వంపు దగ్గర చెయ్యి కాలినట్టే, రబ్బరులోనూ వంగిన ప్రతిసారీ కొంత శక్తి వేడిగా మారి లోపలే నిలుస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు చక్రం నిమిషానికి ఎనిమిది వందలకు పైగా చుట్లు తిరుగుతుంది. రబ్బరు వేడిని త్వరగా బయటికి పంపే పదార్థం కాదు. పైన ఎండ, కింద 60 డిగ్రీలు దాటిన తారు ఉంటే ఆ వేడికి పోయే దారి కూడా ఉండదు. చివరికి లోపలి ఉక్కుతీగల పొరకూ రబ్బరుకూ మధ్య అతుకు వదిలి, రోడ్డును తాకే ట్రెడ్ పొర ఊడివస్తుంది. ఎండకు పేలిందని మనమనుకునే టైర్లలో చాలావాటి కథ ఇదే.

దీనికి ప్రపంచం చూసిన పెద్ద సాక్ష్యం అమెరికాలో ఉంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. వాటిలో ఎక్కువ భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసినవి. ట్రెడ్ ఊడి బండ్లు పల్టీ కొట్టిన ఆ ప్రమాదాల్లో 270 మందికి పైగా చనిపోయారు. అరిజోనా, టెక్సాస్, ఫ్లోరిడా లాంటి వేడి రాష్ట్రాల్లోనే టైర్లు ఎక్కువగా విఫలమయ్యాయి. ఫోర్డ్ ఆ బండికి చెప్పిన గాలి 26 పాయింట్లు, టైరు కంపెనీ తర్వాత 30 ఉండాలంది. తయారీ లోపాలు కూడా ఉన్నాయి కాబట్టి తప్పంతా గాలిదేనని అనలేం. కానీ లోపమున్న టైరును వేడి, బరువు, తక్కువ గాలి కలిసి ముందే కూల్చాయన్నది కాదనలేం. ఆ ఏడాదే అమెరికా చేసిన చట్టం ఫలితంగా, గాలి తగ్గితే డ్రైవరుకు దీపం వెలిగి చెప్పే ఏర్పాటు అక్కడి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి అయింది. ఆ దీపం వెలిగేది గాలి తగ్గినప్పుడని గుర్తుంచుకోండి.

నైట్రోజన్ పట్టిస్తే ఈ గొడవే ఉండదని కొందరంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, వేడికి రెండూ దాదాపు ఒకేలా పెరుగుతాయి. నైట్రోజన్ కాస్త నెమ్మదిగా బయటికి కారుతుంది, అందులో తేమ ఉండదు, లాభం అంతవరకే. ఊరికే వస్తే పట్టించుకోండి, దాని కోసం డబ్బు పెట్టడం నాకు దండగనిపిస్తుంది. ఇసుకలోనో బురదలోనో గాలి తగ్గిస్తే పట్టు బాగుంటుంది కదా అని అడిగేవారూ ఉన్నారు. నిజమే, కానీ అది నెమ్మదిగా పోయేచోట మాట. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ గాలి పట్టించాలి. గాడులు లోతుగా ఉన్నాయి, టైరు కొత్తదే అనేవారికి మాత్రం ఒక హెచ్చరిక అవసరం. షెడ్డులో నిలబెట్టిన కారుకైనా రబ్బరు ముదురుతుంది, బీటలు తీస్తుంది. పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 1419 అని ఉంటే అది 2019లో 14వ వారంలో తయారైంది. అంత పాతదాన్ని, గాడులు ఎంత బాగున్నా, పిల్లాపాపలతో నిండిన బండికి వేసి మే నెలలో దూర ప్రయాణం పెట్టుకోవద్దు.

కాబట్టి పెళ్లికో తిరుపతికో బయల్దేరేముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే, ఇంటికి దగ్గర్లోని పంక్చర్ షాపులో గాలి చూపించుకోండి. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద నిండు బరువుకు చాలా కార్లలో విడిగా అంకె ఉంటుంది, సామానుతో పోతుంటే దాన్నే చెప్పండి. డిక్కీలో ఉన్న స్టెప్నీకి కూడా గాలి పట్టించండి, దాని తయారీ వారం కూడా చూడండి.