సున్నపు ధూళి, కాన్సర్ భయం

గత సంవత్సరం బి.ఏ. ద్వితీయ సంవత్సరపు విద్యార్థి ఒకడు పాఠం ముగిసిన తరువాత నా బల్ల వద్దకు వచ్చి నిలబడినాడు. ఛందస్సులో ఏదో సందేహం కాబోలుననుకున్నాను. "సార్, సున్నపురాయి దుమ్ము పీలిస్తే కాన్సర్ వస్తుందా?" అని అడిగినాడు. అతని అబ్బాజాన్ బండలు కోసి నునుపు పట్టే యూనిట్‌లో పనిచేస్తారు. వారితోటి పనివాడు ఒకాయన ఊపిరితిత్తుల కాన్సర్‌తో మరణించినాడు. పనివారు భయపడి అడిగితే యజమాని "అదంతా కాల్షియమే, ఎముకలకు మంచిదే కదా!" అని నవ్వి ఊరకున్నాడట.

తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు ఆ ప్రశ్నకు వెంటనే సమాధానం తోచలేదు. రసాయన శాస్త్ర శాఖలోని మిత్రులను విసిగించి, కొన్ని గ్రంథాలు తిరగవేసి తెలుసుకున్న విషయాలను ఇక్కడ విన్నవిస్తున్నాను.

ముందుగా మాట సంగతి. లాటిన్‌లో సున్నాన్ని కాల్క్స్ అంటారు. కాల్షియం అనే పేరు దాని నుండి పుట్టినదే. మన సున్నానికీ, ఉర్దూ 'చూనా'కూ మూలం సంస్కృత 'చూర్ణ' శబ్దం. చూర్ణమంటే పొడి. ఈ వ్యాసంలో మనకు కావలసినది కూడా ఆ పొడిని గురించే.

యజమాని మాటలో సగం నిజం లేకపోలేదు. వయసు వచ్చిన మనిషి దేహంలో సుమారు ఒక కిలో కాల్షియం ఉంటుంది. అందులో నూటికి 99 పాళ్ళు ఎముకలలోనూ, దంతాలలోనూ ఉన్నది. కాని పాలలోని కాల్షియం కడుపులోనికి పోతుంది, కోతయంత్రం లేపిన ధూళి ఊపిరితిత్తులలోనికి పోతుంది. ఒక దారిన మేలు చేసిన వస్తువు మరొక దారిన కూడా మేలే చేస్తుందనుకోవడం పొరపాటు.

పరిశ్రమలలో కాల్షియం అనేక వేషాలలో కనిపిస్తుంది. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి కాలిస్తే పొడిసున్నం వస్తుంది. దానిపై నీరు పోస్తే సలసల కాగి తడిసున్నమవుతుంది. ఇవి కంట పడితే చూపునకే ప్రమాదం, చర్మాన్ని కాల్చుతవి, గొంతును మండించుతవి. ఇంత బాధపెట్టినా సున్నపురాయి గాని, సున్నం గాని కాన్సర్ కారకాల మొదటి వర్గంలో లేవు. ఆ వర్గాలను నిర్ణయించేది ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ఉన్న అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ. అయితే కాల్షియం క్రోమేట్ సంగతి వేరు. ఎలుకల శ్వాసనాళాలలో దానిని ఉంచినప్పుడు కాన్సర్ గడ్డలు పుట్టినవి. ఆరు సంయోజకతగల క్రోమియం లవణాలన్నిటినీ ఆ సంస్థ 1990లో మొదటి వర్గంలో చేర్చింది. అక్కడ దోషి క్రోమియమే గాని కాల్షియం కాదు. పండ్లు మాగబెట్టడానికి అక్రమంగా వాడే కార్బైడ్‌లో ఆర్సెనిక్ జాడలుంటవనే భయం కూడా ఇటువంటిదే. తాంబూలంలోని సున్నాన్ని చూడండి. ఒంటరిగా అది కాన్సర్ కారకమని ఎవరూ తేల్చలేదు. వక్కతో కలిసినప్పుడు మాత్రం నోటిలో క్షారగుణం పెంచి వక్క చేసే కీడుకు తోడవుతుంది. పొగాకు లేని తాంబూలాన్ని సైతం 2004లో కాన్సర్ కారకమని ప్రకటించినారు. కనుక కాల్షియం ఎవరితో కూడి వచ్చినదో చూడవలసి ఉన్నది.

బండల పనిలో దానితో కూడి వచ్చేది సిలికా, అంటే మన పలుగురాతి పదార్థం. తాండూరు, షాబాదు, బేతంచెర్ల, కడప బండలు స్థూలంగా సున్నపురాయి జాతివి. అవి నీటి అడుగున పొరలుగా పేరుకొన్న కాలంలోనే బంకమట్టీ, పలుగురాతి రేణువులూ వాటిలో కలిసిపోయినవి. ఏ పొరలో ఎంత సిలికా ఉన్నదో కంటితో చూసి చెప్పలేము. సున్నపురాయి రేణువు ఊపిరితిత్తులలోని ద్రవంలో క్రమంగా కరుగుతుంది. స్ఫటిక సిలికా కరగదు. దానిని మింగిన రక్షక కణాలు తామే చనిపోతవి; ఆ చోట వాపు నిలిచిపోయి మచ్చ కడుతుంది. దీనినే సిలికోసిస్ అంటారు. పనిచోట పీల్చే స్ఫటిక సిలికా కాన్సర్ కారకమని 1997లో తేల్చినారు.

మొదటి వర్గంలో చేర్చడమంటే సాక్ష్యం ఎంత గట్టిదో చెప్పడమే. ప్రమాదం ఎంత పెద్దదో చెప్పడం కాదు. పొగాకు, సిలికా ఒకే వర్గంలో ఉన్నంత మాత్రాన రెండింటి కీడు సమానం కాదు. ప్రమాదాన్ని కొలవాలంటే మోతాదు తెలియాలి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ సూచించిన హద్దులు చూడండి. ఊపిరితిత్తుల లోతులకు చేరగల సన్నని సున్నపురాయి ధూళి ఘనమీటరు గాలిలో 5 మిల్లీగ్రాములకు మించరాదు. స్ఫటిక సిలికా అయితే 0.05 మిల్లీగ్రాములే, అనగా నూరవ వంతు. ఇక చిన్న లెక్క. ధూళి సరిగా 5 మిల్లీగ్రాములే ఉన్నదనుకుందాం. అందులో సిలికా నూటికి ఒక పాలు ఉంటే సిలికా హద్దు నిండిపోతుంది. పది పాళ్ళుంటే హద్దుకు పదిరెట్లు. "సున్నపు దుమ్మే కదా" అని తనిఖీ చేసినవాడు అంతా సవ్యంగా ఉన్నదని వ్రాసి వెళ్ళిపోవచ్చును!

కాలం మరొక చిక్కు. ఇటువంటి కాన్సర్ తరచుగా ఇరవై ఏళ్ళకు గాని బయటపడదు. ఆలోగా మనిషి పని మానివేసి ఉండవచ్చు, మరొక ఊరికి పోయి ఉండవచ్చు. జబ్బుపడినవారు వెళ్ళిపోగా ఆరోగ్యవంతులే పనిలో మిగులుతారు. వారిని మాత్రమే లెక్కించినవారికి ఆ పని నిరపాయకరంగా తోస్తుంది. రోజుకూలీలకు హాజరు పట్టీ కూడా సరిగా ఉండని చోట ఎవరు ఎన్నేళ్ళు పనిచేసినదీ చెప్పేవారెవరు? దీనికి బీడీ తోడవుతుంది. పొగ, సిలికా రెండూ ఊపిరితిత్తులపైనే పడతవి. కనుక చనిపోయిన ఆ ఒక్క పనివాని కాన్సర్ దేనివలన వచ్చినదని అడిగితే నిశ్చయంగా చెప్పడం ఎవరి తరమూ కాదు. వందలమందిని ఏళ్ళతరబడి గమనించినప్పుడే తేడా కనిపిస్తుంది.

ఆ విద్యార్థికి నేను మూడు ప్రశ్నలు వ్రాసి ఇచ్చినాను: కోత తడిదా, పొడిదా? ఎన్నేళ్ళనుండి? బీడీలెన్ని? రంజాను సెలవుల తరువాత అతడు జవాబులు తెచ్చినాడు. పొడి కోత. పందొమ్మిదేళ్ళు. రోజుకొక కట్ట. ముఖానికి రుమాలు కట్టుకొంటారట. అసలు హాని చేసే రేణువులు మిల్లీమీటరులో వందవ వంతుకన్నా చిన్నవి, రుమాలు నేతలోనుండి సులభంగా దూరిపోతవి. దగ్గుకు రెండుసార్లు క్షయ మందులు వాడినారట, ఏమి పని చేస్తావని మాత్రం ఏ డాక్టరూ అడగలేదట. సిలికోసిస్ మచ్చలు ఎక్స్‌రేలో క్షయవలె భ్రమ గొలుపుతవి. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే అవకాశమూ ఎక్కువే. ఈసారి చీటీలో పని వివరం వ్రాసి ఇవ్వమని చెప్పి పంపినాను.

మొన్న వరండాలో కలిసినాడు. ఎక్స్‌రే తీసినారనీ, ఆరు నెలలకొకసారి రమ్మన్నారనీ చెప్పినాడు. అబ్బాజాన్ బీడీలు సగానికి తగ్గించినారట. కోతయంత్రానికి నీటి గొట్టం మాత్రం ఇంకా బిగించలేదట.