బ్రేకర్ సరే, వైరు మాటేమిటి?

పాత బజార్లలో కూల్చివేత పని యంత్రం చేతికి వచ్చింది. దానికి కరెంటు మోసే ఎక్స్‌టెన్షన్ వైరును మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు

బిలాస్‌పూర్‌లోని గోల్ బజార్ లాంటి పాత అంగళ్ల వీధిలో దుకాణం చేతులు మారినా, అన్నదమ్ములు పంచుకున్నా ముందుగా దెబ్బ పడేది గోడ మీదే. ఒకప్పుడు సమ్మెట, ఉలి పట్టుకున్న ఇద్దరు మనుషులకు రెండు మూడు రోజులు పట్టిన పనిని ఇప్పుడు ఎలక్ట్రిక్ డెమాలిషన్ హ్యామర్ ఒక్క పూటలో తేల్చేస్తుంది. పనివాళ్లు దాన్ని బ్రేకర్ అంటారు. చిక్కల్లా కరెంటుతోనే. కూల్చే గదిలో ఫ్యూజు ఎప్పుడో పీకేసి ఉంటుంది. దాంతో పక్క కొట్టు నుంచో, పై అంతస్తు నుంచో వైరు లాగుతారు. కొసన ప్లగ్ లేకపోతే రెండు తీగల్నీ సాకెట్‌లో దోపి అగ్గిపుల్లలు బిగిస్తారు. మిషన్ తిరుగుతుంది. ఇక అందరి కళ్లూ గోడ మీదే.

ప్రమాదం మాత్రం వాళ్ల వెనకాల, నేల మీద పాకుతూ ఉంటుంది.

లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. 1,500 వాట్ల హ్యామర్ 230 వోల్టుల దగ్గర సుమారు 6.5 ఆంపియర్లు లాగుతుంది. అంటే ఫ్యాన్లకు, చార్జర్లకు పెట్టుకునే 6 ఆంపియర్ల సాకెట్ పరిమితిని పనిలో దిగీ దిగగానే దాటేస్తుందన్నమాట. మీట నొక్కిన క్షణంలో లాగేది ఇంకా ఎక్కువ. టేబుల్ ల్యాంపు కోసం కొన్న 0.75 స్క్వేర్ ఎంఎం వైరును 30 మీటర్లు లాగి ఈ యంత్రానికి తగిలిస్తే, దారిలోనే దాదాపు 10 వోల్టులు హరించుకుపోతాయి. ఆ వైరులో 65 వాట్ల వేడి పుడుతుంది, పాతకాలపు బల్బు ఇచ్చేంత. వైరు బారుగా పరిచి ఉంటే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. మిగిలిన సగాన్ని చుట్టగా వదిలేస్తే ఎటూ పోలేక లోపలి పొరల్లో పేరుకుంటుంది. మామూలు పీవీసీ తొడుగు ఓర్చుకునేది 70 డిగ్రీల వరకే. అది మెత్తబడి తీగ తీగకు తగిలేదాకా పైకి ఏమీ కనిపించదు. అందుకే వైరు పొట్టిదైనా, పొడుగైనా పూర్తిగా విప్పాలి. 30 మీటర్లలోపు దూరానికి కనీసం 1.5, అంతకు మించితే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగ ఉండాలి. ప్లగ్గూ సాకెట్టూ 16 ఆంపియర్లవి అయి ఉండాలి. ఒక వైరుకు ఇంకో వైరు, దానికి మరో టేపు అతుకు... అదే అసలు రోగం.

‘ఎంసీబీ ఉంది కదా’ అన్నది తరచూ వినిపించే ధీమా. నిజానికి ఎంసీబీ కాపాడేది గోడలోని తీగల్ని, మనిషిని కాదు. చెమటతో తడిసిన ఒంటి గుండా 230 వోల్టుల కరెంటు పారితే అది సుమారు 200 మిల్లీ ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అదొక లెక్కలోకే రాదు. గుండె లయ తప్పడానికి అందులో నాలుగో వంతు చాలు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ చార్లెస్ డాల్‌జీల్ వలంటీర్ల మీద చేసిన పరీక్షల్లో, పట్టుకున్న తీగను వదల్లేని స్థితి మగవాళ్లలో సగటున 16 మిల్లీ ఆంపియర్ల దగ్గరే వచ్చింది. 1961లో ఆయనే రూపొందించిన ఉపకరణానికి చుట్టమే ఇప్పటి ఆర్‌సీసీబీ. మన ఎలక్ట్రీషియన్లు నేటికీ ఈఎల్‌సీబీ అనే అంటారు. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే క్షణంలో చిన్న వంతులోనే సరఫరా ఆపేస్తుంది. వైరు మొదట్లోనే దీన్ని బిగించిన బోర్డు ఉంటే, అక్కడ టెస్ట్ బటన్ నొక్కి చూశాకే పని మొదలుపెట్టవచ్చు.

హ్యామర్ మీద ఒక చతురస్రంలో మరో చతురస్రం గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ యంత్రం. దానికి ఎర్త్ పిన్ అక్కర్లేదు. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ఆ రక్షణ యంత్రం లోపలి మోటారు నుంచి మాత్రమే. ఉలి మొన గోడలో దాగిన కరెంటు తీగను పొడిస్తే ముందు భాగంలోని లోహమంతా కరెంటు ఎక్కుతుంది. చేతులు రబ్బరు పిడుల మీదే ఉండాలన్నది అందుకే. పాత దుకాణంలో ఏ పైపు ఎటు పోయిందో కట్టినవాడికి కూడా గుర్తుండదు. కాబట్టి కూల్చే గోడకు రెండు వైపులా సరఫరా ఆపి, టెస్టర్‌తో చూసుకోవాలి. గోడ అవతల పొరుగువాడి మీటరు ఉందన్న సంగతి మరవకూడదు.

ఇక దుమ్ము. ఊపిరితిత్తుల్ని తినేసే సిలికా అందులో ఉంటుంది గనుక గోడను తడపమంటారు. మంచిదే. కానీ బకెట్టుతో గుమ్మరించిన నీళ్లు చేరేది వైరు అతుకు దగ్గరికే. మిషన్ ప్లగ్ తీసి, కొద్దిగా చిలకరించి, మాస్కు కట్టుకుని పని చేయడం నయం. వైరు రాళ్ల కింద నలగకుండా పనివాడి వెనక నుంచి, వీలైతే కొక్కేలకు తగిలించి తేవాలి.

విచిత్రమేమిటంటే కరెంటు విషయంలో బిలాస్‌పూర్‌కు తెలియని క్రమశిక్షణ కాదిది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్రంగా ఉన్న ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఎన్నో తెలుగు కుటుంబాలు ఆ పట్టాల మీద బతికాయి. 25 వేల వోల్టుల తీగ మీద పనిచేయాలంటే రైల్వేలో ముందు పవర్ బ్లాక్ తీసుకోవాలి, తీగను ఎర్త్ చేయాలి, చేతికి పర్మిట్ రావాలి. ఆ ఊరి బజారులో 230 వోల్టులకు అలాంటి కాగితమేదీ లేదు. బ్రిటన్‌లో నిర్మాణ స్థలాల్లో యంత్రాలకు 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వాడటం ఆనవాయితీ. దాంతో భూమికి 55 వోల్టులు మించవు. మన దగ్గర మేస్త్రీ చేతిలో ఉన్నది టేపు చుట్టే.

దేశంలో 2021లో కరెంటు షాకుతో 12 వేల మందికి పైగా చనిపోయారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. వారిలో ఎక్స్‌టెన్షన్ వైరు పొట్టన పెట్టుకున్నవారెందరో విడిగా చెప్పే గడి ఆ పట్టికలో లేదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో తెచ్చిన చట్టాన్ని పది మంది, ఆపైన పనిచేసే చోట్లకే వర్తించేలా రాశారు. గోడ కూల్చడానికి వచ్చేది ఇద్దరు. హ్యామర్ అద్దె దుకాణానిది, సాకెట్ పక్క కొట్టువాడిది, వైరు మేస్త్రీది. దెబ్బ తగిలితే ముగ్గురిలో ఎవరిని అడగాలన్నది ఆ ఇద్దరికీ తెలియదు.