పాత అంబాసిడర్ కారులో కమాను బుష్‌లు మార్చడం

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• కమాను బుష్ చేసే పనిని వివరించగలుగుతారు;
• అరిగిన బుష్‌ను గుర్తించగలుగుతారు;
• బుష్‌ను సురక్షితంగా మార్చే పద్ధతిని వరుసగా చెప్పగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

అంబాసిడర్ కారును మీరు చూసే ఉంటారు. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు దీనికి మూలం. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో దీని తయారీ 2014లో ఆగిపోయింది. అయినా శ్రద్ధగా చూసుకునేవారి దగ్గర ఈ బండ్లు ఇంకా నడుస్తున్నాయి. అలాంటి బండి గతుకుల్లో పడినప్పుడు వెనుక నుంచి 'డబ్ డబ్' మని చప్పుడు వస్తుందనుకోండి. కమాను విరిగిందేమోనని యజమాని కంగారుపడతాడు. చాలాసార్లు కారణం గుప్పిట్లో ఇమిడే ఒక రబ్బరు ముక్క. అదే బుష్.

2. బుష్ ఏమి చేస్తుంది?

అంబాసిడర్ వెనుక ఇరుసు రెండు కమాను కట్టలకు బిగించి ఉంటుంది. లారీ కింద కనిపించే కమానుల వంటివే ఇవి, కాని చిన్నవి. కట్టలోని పెద్ద పట్టీ రెండు కొసలూ గుండ్రంగా చుట్టి ఉంటాయి. వీటిని 'కన్ను' అంటారు. ముందు కన్నును నేరుగా బాడీకి బిగిస్తారు. వెనుక కన్నును షాకిల్ అనే ఊగే జోడింపు ద్వారా బిగిస్తారు. చక్రం పైకి లేచినప్పుడు కమాను సాగి పొడవవుతుంది. ఆ పొడవుకు షాకిల్ ఊగి చోటిస్తుంది.

కన్నుకూ దానిలోని బోల్టుకూ మధ్య ఉండేదే బుష్. ఇది బేరింగులాగా తిరగదు. లోపలా బయటా గట్టిగా పట్టుకొని ఉండగా రబ్బరే కొంచెం మెలి తిరిగి, మళ్ళీ తన స్థితికి వస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి.

వేడి, ఆయిలు, వయసు వల్ల రబ్బరు గట్టిపడి పగుళ్ళిస్తుంది. అప్పుడు ఇనుము ఇనుముకు తగిలి చప్పుడవుతుంది. ఇరుసు కాస్త పక్కకు జరగడంతో మలుపుల్లో బండి వెనుక భాగం తూలినట్లు ఉంటుంది.

3. పరీక్షించడం

కన్నుకూ షాకిల్ పట్టీకీ మధ్య గడ్డపలుగు మొన పెట్టి మెల్లగా ఎత్తి చూడండి. రబ్బరు కొంచెం నొక్కుకుపోతే తప్పు కాదు. 'టక్' మని తగిలినా, బోల్టు పక్కన ఖాళీ కనిపించినా బుష్ మార్చాలి. ఒకవైపు మారిస్తే రెండోవైపు కూడా మార్చడం మంచిది.

4. ముందు జాగ్రత్త

జాకీ బండిని ఎత్తడానికే గాని, మోయడానికి కాదు. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి ఎప్పుడూ దూరకండి. అది జారితే తప్పించుకునే వ్యవధి ఉండదు. హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలనే పట్టుకుంటుంది కనుక, వాటిని ఎత్తిన తరువాత అది పనికిరాదు. అందుచేత గట్టి సమతల నేల మీద, ముందు చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టాలి. ఇనుప స్టాండ్లను బాడీలోని గట్టి భాగం కింద ఉంచాలి. పలుచని రేకు కింద పెట్టకూడదు. ఇటుకలు పగులుతాయి, వాడకండి.

5. మార్చే పద్ధతి

(అ) చక్రాల నట్లు కొద్దిగా వదులు చేసి, బండిని ఎత్తి, స్టాండ్లపై నిలిపి, చక్రాలు తీయండి.
(ఆ) రెండో జాకీని ఇరుసు కింద పెట్టి దాని బరువు ఆపండి. జాకీని కొద్దికొద్దిగా పైకీ కిందికీ జరిపితే బోల్టు మీద ఒత్తిడి తగ్గి సులువుగా వస్తుంది.
(ఇ) ఒకసారి ఒక కొస మాత్రమే విప్పండి. అన్నీ ఒకేసారి విప్పితే ఇరుసు పక్కకు జరుగుతుంది.
(ఈ) పాత బుష్‌ను బయటికి నెట్టండి. రాకపోతే హ్యాక్సా బ్లేడుతో కోయండి, కన్ను గీసుకుపోకూడదు. గ్యాసు మంటతో కాల్చకండి. ఆ పొగ హానికరం, కమాను ఉక్కు పదును కూడా పోవచ్చు.
(ఉ) కన్నులోని తుప్పును శుభ్రం చేయండి. బోల్టు మీద గాడి పడి ఉంటే దాన్నీ మార్చండి.
(ఊ) కొత్త బుష్‌కు సబ్బునీళ్ళు రాసి లోపలికి నెట్టండి. గ్రీజు, ఆయిలు రాయకండి. అవి రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి.
(ఋ) నట్లు ఎక్కించండి, కాని గట్టిగా బిగించకండి.

6. చివరి బిగింపు

కొత్తవారు ఎక్కువగా పొరపాటు చేసేది ఇక్కడే. బండి గాలిలో ఉన్నప్పుడు కమాను కిందికి వేలాడుతుంది. అప్పుడే నట్లు బిగిస్తే రబ్బరు ఆ స్థితిలో పట్టుబడిపోతుంది. బండిని దించగానే అది మెలితిరిగి, ఖాళీగా నిలబడి ఉన్నప్పుడు కూడా లాగుడులోనే ఉంటుంది. గతుకు వచ్చినప్పుడు ఇంకా మెలితిరిగి త్వరలోనే చిరుగుతుంది.

కాబట్టి చక్రాలు బిగించి, స్టాండ్లు తీసి, బండిని నేలకు దించండి. వెనుక భాగాన్ని చేతులతో నాలుగైదుసార్లు నొక్కి వదలండి. బండి నాలుగు చక్రాల మీదే ఉండగా, బండి మాన్యువల్‌లో చెప్పినంత బిగువుకు నట్లు బిగించండి. కొన్ని రోజులు నడిపాక మరోసారి చూడండి.

పాఠ్యగత ప్రశ్నలు

1. బుష్‌కూ బేరింగుకూ తేడా ఏమిటి?
2. వెనుక చక్రాలు ఎత్తినప్పుడు హ్యాండ్ బ్రేకును ఎందుకు నమ్మకూడదు?
3. బండి గాలిలో ఉండగా నట్లు పూర్తిగా బిగిస్తే ఏమవుతుంది?

జవాబులు

1. బేరింగు తిరుగుతుంది, బుష్‌లో రబ్బరే మెలి తిరుగుతుంది.
2. అది వెనుక చక్రాలనే పట్టుకుంటుంది; అవి నేల మీద లేవు.
3. రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరుగుతుంది.